పూర్వపక్షం లేని పాఠం

హైదరాబాదు చుట్టుపక్కల ఇంజనీరింగు చదివే పిల్లల్లో చాలామంది సెమిస్టరు పరీక్షలకు ముందు గుడికి వెళ్లి వస్తారు. వీసా రావాలని చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, వచ్చాక 108 తిరుగుతారు. ప్యూ రిసెర్చ్ సెంటర్ 2021లో వెలువరించిన సర్వేలో మన దేశంలో దాదాపు 30,000 మంది పెద్దలను అడిగితే 97 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. అయినా అధ్యాపకుడు ‘ఆత్మ’ అనగానే గుళ్లో దండం పెట్టిన ఆ కుర్రాడే పక్కవాడి వైపు చూసి నవ్వుతాడు. గుడి అతణ్ణి ఏ సిద్ధాంతమూ ఒప్పుకోమనదు. పాఠం ఒప్పుకోమంటుంది, ఒప్పుకున్నట్టు రాసి మార్కులు తెచ్చుకోమంటుంది. అతని సందేహం మొదలయ్యేది అక్కడ. దాన్ని నాస్తికత్వం అనుకుని బెంగపడే పెద్దలు అసలు సంగతి చూడడం లేదు.

ఆత్మ, కర్మ, పునర్జన్మ, మోక్షం లాంటి విషయాలను ప్రశ్నించే విద్యార్థికి ఎలా చెప్పాలన్నదాని మీద స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి కమిషన్లు కూర్చున్నాయి, కోర్టులు తీర్పులిచ్చాయి. మన దేశంలోనూ బయటా రకరకాల ప్రయోగాలు జరిగాయి. వాటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: విద్యార్థికి సందేహం ఉన్నందువల్ల ఈ పాఠం చెడిపోవడం లేదు, పాఠంలో ఆ సందేహానికి చోటు లేనందువల్ల చెడిపోతోంది. పాత గ్రంథాలు ఆ చోటు ఇచ్చాయి. తీసేసింది మనం.

ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతు పన్నెండేళ్లు చదువుకుని, ఇరవై నాలుగేళ్ల వయసులో, అన్నీ తెలుసన్న అతిశయంతో ఇంటికి వస్తాడు. తండ్రి ఉద్దాలకుడు అతనికి పనులు చెబుతాడు. మర్రిపండు తెచ్చి చీల్చమంటాడు, గింజను కూడా చీల్చమంటాడు, ఏం కనబడుతోందని అడుగుతాడు. నీళ్లలో ఉప్పు వేయించి, మర్నాడు పొద్దున పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తీసి రుచి చూడమంటాడు. ఈ రెండూ చాలామందికి తెలిసినవే. నన్ను వీటికన్నా ఎక్కువగా కట్టిపడేసేది మరొకటి ఉంది, ఉపన్యాసాల్లో అరుదుగా వినిపిస్తుంది. మనసు అన్నంతో ఏర్పడిందని తండ్రి అంటాడు. కొడుక్కి అంతుపట్టదు. పదిహేను రోజులు తిండి మానేసి నీళ్లు మాత్రం తాగమంటాడు తండ్రి. ఆ తర్వాత వేదం చెప్పమంటే కొడుక్కి ఒక్క ముక్క గుర్తుకు రాదు. అన్నం తిన్నాక అడిగినవన్నీ చెబుతాడు. తండ్రి చెప్పిన మాటను కొడుకు తన ఒంటి మీదే పరీక్షించి చూసుకున్నాడు. ఆ పరీక్షలో లోపాలు ఎన్నయినా వెతకవచ్చు. మెదడుకు శక్తి అందలేదు, అంతే కదా అనవచ్చు. అలా అనే విద్యార్థి ఆ సంభాషణలోకి అడుగుపెట్టినట్టే.

ఇంద్రుడి కథ ఇంకా బాగుంటుంది. ఆత్మను తెలుసుకోవాలని దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు ప్రజాపతి దగ్గరికి వెళతారు. 32 ఏళ్లు శుశ్రూష చేశాక వారికి దొరికిన మొదటి సమాధానం, నీళ్లలో కనబడే మీ ప్రతిబింబమే ఆత్మ అన్నట్టుగా ఉంటుంది. విరోచనుడు సంతోషంగా వెళ్లిపోతాడు. ఇంద్రుడికి దారి మధ్యలో సందేహం వస్తుంది: శరీరం గుడ్డిదైతే ఆత్మ కూడా గుడ్డిదవుతుందా? వెనక్కి వస్తాడు. కలలో తిరిగేదే ఆత్మ అని రెండోసారి చెబితే దానికీ ఆక్షేపణ తెస్తాడు. గాఢనిద్రలో ఉండేదని మూడోసారి చెబితే, ఆ స్థితిలో ‘నేను’ అన్న ఎరుకే లేదు కదా, అది నాశనం కావడంతో సమానం కదా అంటాడు. అలా మొత్తం 101 ఏళ్లు పడుతుంది. ప్రజాపతి ఒక్కసారి కూడా విసుక్కోడు. తొందరగా ఒప్పుకున్న శిష్యుడు తప్పు సమాధానంతో ఇంటికి పోయాడని, ఒప్పుకోనివాడికే చివరి మాట దక్కిందని ఉపనిషత్తే చెబుతోంది. నిద్రలో ‘నేను’ ఏమవుతుందన్న ఇంద్రుడి ప్రశ్న ఈనాటి నాడీశాస్త్ర విద్యార్థి అడిగే ప్రశ్నకు ఎంతో దూరంలో లేదు.

ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడు ఆరుగురు శిష్యులను ఒక ఏడాది ఉండమని, ఆ తర్వాత ఏమైనా అడగమని, తనకు తెలిస్తే చెబుతానని అంటాడు. కఠంలో నచికేతుడి ప్రశ్నే సందేహం: చనిపోయాక మనిషి ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటున్నారు, ఏది నిజం? దేవతలకూ ఇక్కడ సందేహమే ఉండేదని యముడు ఒప్పుకుంటాడు. తర్వాతి శాస్త్రకారులు ఈ పద్ధతికి చట్టం గీశారు. న్యాయశాస్త్రం పదహారు పదార్థాల్లో సంశయాన్ని ఒకటిగా లెక్కపెట్టింది. వేదాంతంలో ప్రతి అధికరణమూ విషయం, సంశయం, పూర్వపక్షం (ఎదుటివాడి వాదం), సిద్ధాంతం అన్న మెట్ల మీదుగా నడుస్తుంది. శ్రీపర్వతంతో, మన నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే నాగార్జునుడు ‘విగ్రహవ్యావర్తని’లో ముందు ప్రత్యర్థి ఆక్షేపణలన్నీ పెట్టి తర్వాతే నోరు విప్పాడు. పద్నాలుగో శతాబ్దపు ‘సర్వదర్శన సంగ్రహం’ చార్వాకులతో మొదలవుతుంది. ఆత్మను కాదన్నవాడి వాదం మొదటి అధ్యాయంగా ఉన్న పాఠ్యపుస్తకం మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఎన్నిచోట్ల కనబడుతుంది?

ఇదంతా చెప్పి సంప్రదాయం పూర్తిగా స్వేచ్ఛామయమని అనడం అన్యాయం. బృహదారణ్యకంలో గార్గి ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ పోతే యాజ్ఞవల్క్యుడు ఇంకా అడిగితే నీ తల పడిపోతుందని హెచ్చరిస్తాడు. ఆమె అప్పటికి ఊరుకుని, అదే సభలో మళ్లీ లేచి ఇంకా పదునైన రెండు ప్రశ్నలు వేసింది. ఈ రెండు ఘట్టాలనూ కలిపి చెప్పాలి.

తెలుగు తరగతి గదిలో వినిపించే అతి పదునైన సందేహం దేవుడి ఉనికి గురించి కాదు. “ఈ చదువు మా తాతలకు ఎందుకు దక్కలేదు సార్?” అన్నది. అందరిలో ఉన్నది ఒకే బ్రహ్మమని చెప్పిన శంకరుడి భాష్యమే, అపశూద్రాధికరణంలో, శూద్రుడికి వేదాధ్యయనం ద్వారా బ్రహ్మవిద్యకు అధికారం లేదంటుంది. తండ్రి ఎవరో చెప్పలేని సత్యకామ జాబాలుణ్ణి గౌతముడు శిష్యుడిగా తీసుకున్న కథను చూపి చాలామంది ఈ ప్రశ్నను దాటేస్తారు. ఆ కథను కూడా భాష్యకారులు ఎలా వ్యాఖ్యానించారో విద్యార్థి చదివితే ఆ దాటవేత బయటపడుతుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ నాటకం 1920 నాటిది. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ చదవని ఇంట్లో కూడా దాని పేరు తెలుసు. అంబేడ్కర్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ ఆయన పోయాక 1957లో వచ్చింది. కంచ ఐలయ్య ‘నేను హిందువు నెట్లయిత?’ అని అడిగి మూడు దశాబ్దాలు కావస్తోంది. వీటిని తరగతి బయట ఉంచి లోపల అద్వైతం చెబితే, లోపలున్నవాళ్లలో సగం మంది బయటున్న పుస్తకాలనే నమ్ముతారు, నమ్మడం సబబే. అవి పాఠంలో భాగం కావాలి. సిద్ధాంతి సమాధానం చెప్పగలిగితే చెప్పాలి, చెప్పలేకపోతే లేదని ఒప్పుకోవాలి.

స్వతంత్ర భారతంలో ఈ పాఠం ఎలా చెప్పాలన్నదాన్ని అందరికన్నా లోతుగా ఆలోచించినవాడు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన తత్త్వశాస్త్రంలోకి వచ్చిన దారే ఇక్కడ పనికొచ్చే ఉదాహరణ. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడు వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీ అధ్యాపకుల విమర్శ ఆయన్ని గట్టిగా తాకింది. దానికి జవాబుగా వేదాంతంలోని నీతి మీద 1908లో సిద్ధాంత వ్యాసం రాశాడు. ఎదుటివాడి ఆక్షేపణ లేకపోతే ఆ పుస్తకం లేదు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉండి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడయ్యాడు. అదే ఏడాది అదే ఆక్స్‌ఫర్డ్ నుంచి ఎ.జె. అయర్ అనే పాతికేళ్ల యువకుడు, పరీక్షించి చూడలేని అధిభౌతిక వాక్యాలన్నీ అర్థం లేనివని ప్రకటిస్తూ పుస్తకం వేశాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఒక సెమిస్టరు నడపవచ్చు. అయర్ పెట్టిన నియమాన్ని అదే నియమంతో పరీక్షించగలమా అన్న ప్రసిద్ధమైన ఆక్షేపణ దగ్గరికి వచ్చేసరికి, వాదం ఎంత కత్తిమీద సామో విద్యార్థికి తెలిసివస్తుంది.

రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ మూడేళ్ల డిగ్రీకి ఒక క్రమం సూచించింది. రోజూ కొన్ని నిమిషాల మౌనం. మొదటి ఏడాది బుద్ధుడు, సోక్రటీసు, యేసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానక్, గాంధీ లాంటివారి జీవితాలు. రెండో ఏడాది ప్రపంచ మతగ్రంథాల నుంచి ఎంపిక చేసిన భాగాలు. మూడో ఏడాది మతతత్త్వశాస్త్రంలోని ప్రధాన సమస్యలు. మనిషి నుంచి గ్రంథానికి, గ్రంథం నుంచి సమస్యకు వెళ్లే ఈ వరుస నాకు ఇప్పటికీ మెరుగైనదిగానే కనబడుతుంది. ఒక్కటే లోటు: సమస్యలు మూడో ఏడాది దాకా ఆగవు, మొదటి రోజునే వస్తాయి. ఆ సిఫారసు ఎక్కడా పూర్తిగా అమలు కాలేదు.

చట్టం అడ్డుపడిందని కొందరంటారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. మతాల గురించి నేర్పడం వేరు, మతాన్ని బోధించడం వేరని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో స్పష్టం చేసింది. అమెరికా సుప్రీంకోర్టు 1963లోనే, బడుల్లో బైబిలు పారాయణాన్ని కొట్టేస్తూ, బైబిలు అధ్యయనాన్ని అనుమతించింది. కాబట్టి తలుపు తెరిచే ఉంది. ఆ తలుపులోంచి ఏం లోపలికి తెస్తున్నామన్నదే తగాదా. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులకు దారి తెరిస్తే, హైదరాబాదు సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ మన హైకోర్టుకు, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2004లో కేసు ఓడిపోయాడు. కోర్టులో ఓడినా ఆయన ప్రశ్న చెల్లుబాటులోనే ఉంది: గ్రహస్థితి వల్ల ఫలానాది జరుగుతుందన్న మాట పరీక్షకు నిలిచేది, లేదా నిలవనిది. దాన్ని ఆత్మవిచారంతో ఒకే గాటన కట్టడం ఆత్మవిచారానికే నష్టం. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత, డిగ్రీ, పీజీ క్రెడిట్లలో కనీసం 5 శాతం భారతీయ జ్ఞాన వ్యవస్థలకు ఇచ్చేలా ప్రోత్సహించాలని యూజీసీ 2023లో మార్గదర్శకాలిచ్చింది. పాణిని వ్యాకరణం, ఆర్యభటీయం, నాడీ జ్యోతిషం ఒకే పేరు కింద ఒకే గౌరవంతో సిలబస్‌లోకి వస్తే భార్గవ భయం నిజమవుతుంది.

ఆధునిక విద్యార్థిని ఒప్పించడానికి పెద్దలు ఎక్కువగా తొక్కుతున్న దారి విజ్ఞానశాస్త్రం ముసుగు. శక్తికి పుట్టుక, నాశనం లేవు కాబట్టి ఆత్మ కూడా అంతే అంటారు. క్వాంటం భౌతికశాస్త్రం మాయావాదాన్ని రుజువు చేసిందంటారు. ఋషులకు ఇదంతా ముందే తెలుసంటారు. ఈ దారి నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీన్ని నమ్మి చెప్పేవారిలో మంచివాళ్లున్నారు. ఇంటర్ భౌతికశాస్త్రం చదివిన పిల్లకు శక్తి జౌళ్లలో కొలిచే రాశి అని తెలుసు. ఆత్మను కొలవలేమని చెప్పిన గురువే మరుక్షణం దానికి శక్తి నిత్యత్వ నియమం వర్తింపజేస్తే ఆ పిల్ల ఆత్మనూ వదిలేస్తుంది, గురువునూ వదిలేస్తుంది. ష్రోడింగర్ ఉపనిషత్తులను ప్రేమించాడు, 1944 నాటి ‘జీవం అంటే ఏమిటి?’ చివర్లో ఆ ఛాయలు కనబడేలా రాశాడు. అది ఒక శాస్త్రవేత్తకు కలిగిన తాత్త్విక ఆసక్తి. ఆయన సమీకరణం వేదాంతానికి సాక్ష్యం కాదు. ఈ తేడాను ముందే చెప్పిన గురువు మీద విద్యార్థికి గురి కుదురుతుంది. పైగా ఈ ముసుగులో ఇంకో ప్రమాదం ఉంది. రేపు భౌతికశాస్త్రం మారితే వేదాంతం కూడా మారాలి.

దీనికి పూర్తిగా ఎదురుదిశలో పోయినవారు తత్త్వాన్ని తీసేసి సాధనను మాత్రం మిగుల్చుకున్నారు. జాన్ కబత్-జిన్ 1979లో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో ధ్యానాన్ని ఒత్తిడి తగ్గించే పద్ధతిగా మొదలుపెట్టాడు. దాని శాఖలు ఇప్పుడు బడుల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో 80కి పైగా పాఠశాలల్లో, 11-14 ఏళ్ల పిల్లలు 8,000 మందికి పైగా పాల్గొన్న పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు పాఠాలకన్నా ఈ శిక్షణ మేలు చేసిందని తేలలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. ఎందుకు చేయాలో చెప్పే తత్త్వం తీసేశాక సాధనకు కాళ్లుండవని నేను అనుకుంటాను, ఆ పరిశోధన ఆ మాట అనకపోయినా. మహర్షి మహేశ్ యోగి అనుయాయులు న్యూజెర్సీ ప్రభుత్వ బడుల్లో ధ్యానాన్ని శాస్త్రమన్న పేరుతో నేర్పితే, అందులో గురుపూజ, సృజనశక్తి సిద్ధాంతం ఉన్నాయి కాబట్టి అది మతమేనని అమెరికా అప్పీలు కోర్టు 1979లో తేల్చింది. పేరు మార్చినంత మాత్రాన సరుకు మారదని ఆ న్యాయమూర్తులు చూశారు, విద్యార్థులూ చూస్తారు.

బ్రిటన్ మరో మార్గం పట్టింది. నినియన్ స్మార్ట్ 1967లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మతాధ్యయన శాఖ ప్రారంభించి, నిజమా అబద్ధమా అన్న తీర్పును పక్కన పెట్టి, నమ్మేవాడి కళ్లతో లోపలి నుంచి చూడడం నేర్పాడు. పలు మతాల పిల్లలు కలిసి కూర్చునే తరగతిలో దీనివల్ల పరస్పర గౌరవం పెరుగుతుంది. దాని హద్దు కూడా తొందరగా తెలుస్తుంది. “హిందువులు పునర్జన్మను నమ్ముతారు” అని నేర్చుకున్న పద్నాలుగేళ్ల పిల్ల, “మరి అది నిజమేనా?” అని అడిగితే టీచరు దగ్గర జవాబుండదు. డల్లాస్, న్యూజెర్సీల్లో వారాంతపు బాలవిహార్ తరగతులకు వెళ్లే తెలుగు పిల్లలు అడిగేది సరిగ్గా ఇదే. వాళ్ల స్కూల్లో దాన్ని అడగకూడదు, ఇంట్లో అమ్మానాన్నలు దాన్ని ఎన్నడూ అడగలేదు.

మన రాష్ట్రాల్లో జరుగుతున్న అతిపెద్ద ప్రయోగం గురించి పత్రికల్లో పెద్దగా చర్చ లేదు. ఇంజనీరింగ్ కళాశాలల్లోకి ఏఐసీటీఈ తెచ్చిన ‘యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్’ కోర్సు అది. దాని మూలం అమర్‌కంటక్‌లో సాధన చేసిన ఎ. నాగరాజ్ జీవనవిద్య. దాన్ని పాఠంగా మలిచినవారిలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ డైరెక్టరుగా పనిచేసిన రాజీవ్ సంగల్ ఒకరు. ఈ కోర్సులో నాకు నచ్చిన మాట మొట్టమొదటి పేజీల్లోనే ఉంది: ఇవి ప్రతిపాదనలు మాత్రమే, నమ్మవద్దు, మీలో మీరు పరీక్షించుకోండి అంటుంది. కానీ తర్వాతి పాఠాల్లో మనిషి ‘నేను’, ‘శరీరం’ అన్న రెండింటి సహజీవనమని వస్తుంది. అది వేల ఏళ్లుగా వాదిస్తున్న అధిభౌతిక ప్రతిపాదన. చార్వాకుడు ఒప్పుకోడు, బౌద్ధుడు మరోలా కాదంటాడు, నేటి నాడీశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. పాఠంలో వాళ్లెవరూ లేరు. ‘నేను’ అవసరాలకు, శరీర అవసరాలకు తేడా రాయమంటే విద్యార్థి పట్టిక గీసి మార్కులు తెచ్చుకుంటాడు. పరీక్షించుకుని కాదనుకున్నవాడికి జవాబుపత్రంలో ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. పూర్వపక్షం ఒక్కటి చేర్చితే ఈ కోర్సు నిలబడుతుంది. ఉద్దేశం మంచిది కనుకనే గట్టిగా చెబుతున్నాను.

సంభాషణనే పాఠంగా చేసుకున్నవారూ మన నేల మీదే ఉన్నారు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. రిషివ్యాలీలో పిల్లలతో మాట్లాడేటప్పుడు సమాధానం ఇవ్వకుండా ప్రశ్నలోకే తిప్పి తీసుకెళ్లేవాడు. అదొక గొప్ప పద్ధతి. కానీ ఏ గ్రంథాన్నీ, ఏ వాదాన్నీ ముట్టుకోనివ్వకపోతే పిల్లల చేతిలో మిగిలేది ఆయన మాటొక్కటే. ప్రామాణ్యాన్ని కాదన్నవాడే ప్రమాణమైపోయే చిక్కు అక్కడుంది. వృక్షశాస్త్రం చెప్పిన గోరా, నాస్తికత్వం వల్ల కాకినాడ, మచిలీపట్నం కళాశాలల్లో ఉద్యోగాలు పోగొట్టుకుని, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. గాంధీతో ఆయన జరిపిన సంభాషణలు 1951లో పుస్తకంగా వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ మారలేదు, ఎవరూ ఎదుటివాడిని చిన్నచూపు చూడలేదు, కలిసి పనిచేశారు. డిగ్రీ మొదటి ఏడాదిలో ఆ చిన్న పుస్తకాన్ని చదివించవచ్చు.

ఇన్ని దారులూ చూశాక, తరగతిలో ముందుగా జరగాల్సిన పని మాటల జాతులను విడదీయడమని నాకు అనిపిస్తుంది. కొన్ని పరీక్షకు నిలవాల్సిన మాటలు. పునర్జన్మ గుర్తుందని చెప్పే పిల్లల ఉదంతాలను వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ స్టీవెన్సన్ దశాబ్దాలు సేకరించాడు, 1966లో ఇరవై ఉదంతాల పుస్తకం వేశాడు. ఆ సేకరణనూ, సాక్షుల జ్ఞాపకాల మీదా కుటుంబాలు ముందే కలుసుకోవడం మీదా వచ్చిన విమర్శలనూ కలిపి ఇవ్వాలి. కొన్ని తర్కంతో తేల్చుకోవాల్సినవి. చైతన్యం మెదడు పనిగా పూర్తిగా వివరింపబడుతుందా అన్నది అలాంటిది. థామస్ నేగెల్ 1974లో గబ్బిలం మీద రాసిన వ్యాసం, డేవిడ్ చామర్స్ 1995లో ‘కఠిన సమస్య’ అన్నది ఇక్కడికి వస్తాయి. ఇంద్రుడి మూడో ప్రశ్న పక్కన అవి చక్కగా కూర్చుంటాయి. కొన్ని అనుభవం మీద ఆధారపడినవి. విలియం జేమ్స్ 1902లో ప్రచురించిన ఉపన్యాసాల్లో అనుభవం పొందినవాడి మీద దానికి అధికారం ఉంటుందని, పొందనివాడు దాన్ని ప్రమాణంగా ఒప్పుకోనక్కర్లేదని గీసిన గీత ఇప్పటికీ పనికొస్తుంది. ఈ మూడింటినీ కలగాపులగం చేసినప్పుడే విద్యార్థి ఎదురు తిరుగుతాడు.

దలైలామా చొరవతో ఎమోరీ విశ్వవిద్యాలయం టిబెటన్ భిక్షువులకు భౌతిక, జీవ, నాడీశాస్త్రాలు నేర్పుతోంది, కర్ణాటకలోని మఠాల్లో కూడా. మేరుపర్వతం చుట్టూ ప్రపంచం ఉందన్న పాత బౌద్ధ భూగోళాన్ని వదిలేయాలని దలైలామా బహిరంగంగా రాశాడు. తన సంప్రదాయంలో ఏది వదులుకోగలడో చెప్పగలిగిన గురువు మాట, ఏది వదులుకోలేడో చెప్పినప్పుడు కూడా విద్యార్థి వింటాడు.

అలాంటి గురువులు ఎక్కడి నుంచి వస్తారన్నదే ఇప్పుడు మన ముందున్న కష్టం. సంగంజాగర్లమూడిలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించిన కొత్త సచ్చిదానందమూర్తి, అద్వైతంలో శ్రుతికీ యుక్తికీ ఉన్న సంబంధం మీద 1959లో వేసిన గ్రంథంలో శంకరుణ్ణి ప్రేమతో చదువుతూనే నిలదీశాడు. ఆ శిక్షణ పొందినవారు ఇప్పుడు తక్కువ, తత్త్వశాస్త్రం ప్రధాన విషయంగా ఉన్న డిగ్రీ కళాశాలలు ఇంకా తక్కువ. విలువల కోర్సును చాలాచోట్ల ఖాళీగా ఉన్న ఏదో శాఖ అధ్యాపకుడికి అప్పగిస్తారు. వారం రోజుల శిక్షణతో ఆయన ఆత్మ గురించి చెప్పాలి. ఆ శిక్షణలో ఒక పూట ఆయన చేత చార్వాకుడి వాదం గట్టిగా చెప్పించి, మరో పూట దానికి జవాబు చెప్పించాలి. విద్యార్థి ప్రశ్నపత్రంలో కూడా అదే రావాలి: ఈ సెమిస్టరులో మీకు చెప్పిన ఒక సిద్ధాంతాన్ని తీసుకుని, దాని మీద మీరు వేయగల అతి బలమైన ఆక్షేపణ రాయండి, తర్వాత ఆ సిద్ధాంతి ఏమంటాడో రాయండి. మీరు ఎటువైపు ఉన్నారో చెప్పనవసరం లేదు, దానికి మార్కులు లేవు.